సొరచేపయు సాలమండరును

ఆవు ఈనుట చూడనివారు మనలో నుండరు. దూడ నేలబడి, తల్లి దానిని నాకి నిలబెట్టిన పిమ్మట గూడ ఇంటి పెద్ద పశువులపాక విడిచి కదలడు. మావి పడవలెను. పడిన మావిని కుక్కల పాలు కానీయక గోతిలో పాతిపెట్టుటయో, గడ్డిలో చుట్టి మర్రికొమ్మకు వ్రేలగట్టుటయో మన పల్లెలలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. మర్రి పాలచెట్టు గనుక, దాని కొమ్మకు మావి కట్టినచో పశువు పాలకు కొదువ యుండదని నమ్మకము.

ఆ మావికే సంస్కృతమున జరాయువని పేరు. మావితో పుట్టునవి జరాయుజములు. గ్రుడ్డునుండి పుట్టునవి అండజములు. ఉక్కనుండియు చెమటనుండియు పుట్టునవని తలపబడిన పురుగులు, దోమలు మొదలగునవి స్వేదజములు. నేలను చీల్చుకొని వచ్చు చెట్టుచేమలు ఉద్భిజ్జములు. ప్రాణికోటి నంతటిని పుట్టుకనుబట్టి మన పెద్దలు ఇట్లు నాలుగు తెగలుగా విభజించిరి. మనుస్మృతి ప్రథమాధ్యాయమున పశువులు, మృగములు, మనుష్యులు జరాయుజములలోను, పక్షులు, పాములు, మొసళ్ళు, చేపలు, తాబేళ్ళు అండజములలోను చెప్పబడినవి. అమరకోశమును అరుగుమీద కూర్చుండి వల్లించిన నాకు ఈ విభాగము వేలిముద్రవలె మనసున పడిపోయినది. దానిని నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు బోధించితిని. ఈ దినమున ముచ్చటింపబోవు రెండు జంతువులును ఆ బోధకు అడ్డు తగిలినవే. ఒకటి మన సముద్రములోని చిన్న సొరచేప. రెండవది హిమాలయ ప్రాంతపు నీటిగుంటలలో నుండు సాలమండరు అను నాలుగుకాళ్ళ జంతువు.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. 1986వ సంవత్సరమున సముద్రపుటొడ్డున నున్న యొక గ్రామములో నేను తెలుగు పండితుడనుగా నుంటిని. ఒకనాడు పద్యపాఠములో అండజమను మాట వచ్చెను. పక్షులు, పాములు, చేపలు అండజములని అర్థము చెప్పితిని. వెనుక వరుసలో కూర్చుండు జాలరుల పిల్లవాడొకడు లేచి, "కాదండి మాస్టారూ, సొర పిల్లల్ని కంటాదండి. పిల్లకి బొడ్డుతాడుంటాది, మావి కూడా ఉంటాది. మా అయ్య వలలో పడింది కోస్తే నేను చూశానండి" అనెను. తరగతి యంతయు గొల్లుమనెను. నాకు అప్పటికి ఇరువదియేడేండ్లు. చదివిన చదువు ఇంకను అరగని వయస్సు. "చేపకు మావియా! రేపు కప్పకు పురుడు పోయుదువు కాబోలు" అని వెక్కిరించి, వానిని బెంచీమీద నిలబెట్టి, మత్స్యములు అండజములని నూరుమారులు వ్రాసి తెమ్మంటిని. మరునాడు వ్రాసి తెచ్చెను. చక్కని దస్తూరి. ఒక్క తప్పైన లేదు. ఆ యేడు బడి ముగియువరకు ఆ పిల్లవాడు నా తరగతిలో మరల నోరు విప్పలేదు. అది వినయమని నేను సంతోషించితిని.

ఉద్యోగ విరమణానంతరము నేను హైదరాబాదులో, తార్నాకయందు, మా అబ్బాయి యింట నుంటున్నాను. పూర్వము ఇక్కడ తీగకంచెతో కూడిన సుంకపు నాకా యుండెడిదనియు, తారు అనగా తీగ గనుక తార్నాక యను పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఇప్పుడు నాకాయు లేదు, తీగయు లేదు. తలమీదుగా మెట్రోరైలు పోవుచుండును. నాలుగు అడుగులు వేసినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము. 1918వ సంవత్సరమున స్థాపింపబడిన ఈ విద్యాలయమున మొదటి మూడు దశాబ్దములు శాస్త్రములన్నియు ఉర్దూలోనే బోధింపబడెను. ఆ పనికై గ్రంథములను భాషాంతరీకరించుటకు ప్రత్యేకముగా నొక శాఖయే యుండెడిది. ప్రతి పరికరమునకు, ప్రతి ప్రాణికి దేశభాషలో పేరు వెదకవలసివచ్చిన ఆ పండితుల కష్టమును నేను తరచు తలచుకొందును. ఉదయము పూట 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము ముందువరకు నడచి, ఆ రాతి మెట్లమీద కొంతసేపు కూర్చుండి వచ్చుట నా నిత్యకృత్యము.

నా మనుమరాలు ఇక్కడనే జంతుశాస్త్రమున ఎం. ఎస్సీ. చదువుచున్నది. ఒకనాడు ఆమె వెంట వారి శాఖలోనికి పోయితిని. అధ్యాపకురాలొకరు దయతో అనుమతించి, మందునీటిలో నిలువజేసిన జంతువుల సీసాలున్న గది తలుపు తెరిపించిరి. ఆ ఘాటైన వాసనకు కన్నులు చెమర్చినవి. బీరువాలో ఒకదాని ప్రక్క నొకటిగా రెండు సీసాలు కనబడెను.

మొదటిదానిలో ఒక సొర. మూరెడు పొడవైనను లేదు. ముట్టె వెడల్పుగా, చదునుగా, పారవలె నున్నది. తలకు ఇరుప్రక్కల ఐదేసి మొప్పచీలికలు. కడుపును కోసి గర్భసంచిని విప్పి చూపియుండిరి. దానిలో వ్రేలికంటె కొంచెము పెద్దవైన పిల్లలు వరుసగా నుండెను. ఒక్కొక్క పిల్ల రొమ్ముభాగమునుండి ఒక్కొక్క తాడు బయలుదేరి తల్లి సంచిగోడలో నాటుకొని యున్నది. బొడ్డుతాడు! తాడు కొసను మావి! నా మనుమరాలు ఏమేమో చెప్పుచుండెను గాని నాకు వినబడలేదు. బెంచీమీద నిలబడిన పిల్లవాడు కన్నులయెదుట నిలిచెను. ముప్పదితొమ్మిదేండ్ల తరువాత, కుర్చీ వేయించుకొని కూర్చుండవలసివచ్చినది.

రెండవ సీసాలోని జంతువును చూచి మొదట తొండ యనుకొంటిని. జానెడు లోపు పొడవు, నాలుగు కాళ్ళు, పొడవైన తోక. కాని తొండకు పొలుసు లుండును; దీనికి పొలుసు లేదు. చర్మము కప్పచర్మమువలె నున్నది. వెన్నుకు ఇరుప్రక్కల తలనుండి తోకవరకు రుద్రాక్షలు గ్రుచ్చినట్లు బొడిపెల వరుస. ముందుకాళ్ళకు నాలుగేసి వ్రేళ్ళు, వెనుకకాళ్ళకు ఐదేసి. ఇదియే హిమాలయ సాలమండరు. కప్పకు దాయాది, తోక యూడని కప్ప యన్నను చెల్లును. డార్జిలింగు కొండలలోను, సిక్కిములోను, తూర్పు నేపాళములోను ఉండును. మన తెలుగుదేశమున ఈ జాతి జంతువు లేదు గనుక దీనికి తెలుగుపేరు లేదు. నేను ఒకటి కల్పింపగలను. కాని చూడని ప్రాణికి పండితుడు పెట్టిన పేరు ఎవరి నోటను నిలువదని సాలమండరనియే యనుచున్నాను.

దీని సంతానక్రమ మేమనగా, చలికాలమంతయు రాళ్ళక్రింద, పుచ్చిన దుంగలక్రింద దాగియుండి, వానలు మొదలైనంతనే ఇది గుంటలకు దిగును. జిగురుపొర కప్పిన గ్రుడ్లను నీటిమొక్కల నంటించి పెట్టును. గ్రుడ్డులోనుండి వచ్చిన పిల్లకు మెడ యిరుప్రక్కల ఈకలవంటి మొప్పలుండును. కొన్ని నెలలు చేపవలె నీటిలో బ్రదికి, మొప్పలు పోగొట్టుకొని, ఊపిరితిత్తులతో గాలి పీల్చుచు గట్టెక్కును. తల్లి బిడ్డకిచ్చునదంతయు గ్రుడ్డులో పెట్టిన సొనయే. ప్రయాణమునకు పోవువానికి చద్దిమూట కట్టియిచ్చి వాకిలివరకు సాగనంపుట వంటిది. మూట విప్పుకొని తినుటయు, తరువాత తన బ్రదుకు తాను చూచుకొనుటయు బిడ్డ పని.

సొర యట్లు కాదు. ఈ చిన్న సొర గ్రుడ్డు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే, ఆవగింజకంటె చిన్నది. సొరజాతులన్నిటిలోను ఇంత చిన్న గ్రుడ్డు మరి దేనికిని లేదందురు. అందులో సొన యున్నదని చెప్పుటకు గూడ లేదు. తల్లి చద్దిమూట కట్టియియ్యలేదు. వడ్డనకు తానే కూర్చున్నది. పిండము కొన్ని మిల్లీమీటర్లు పెరుగునప్పటికే దాని సొనసంచి తల్లి గర్భసంచిగోడ నంటుకొని మావిగా మారును. తల్లి వైపునుండి కాడగల గిన్నెవంటి యొక భాగము పెరిగి దానిని పొదివి పట్టుకొనును. అంతటితో నాగలేదు. బొడ్డుతాడు పొడవునను సన్నని పోగులు మొలచి, గర్భసంచిలోని ద్రవమునుండి గూడ పోషణను పీల్చుకొనునట్లు కనబడుచున్నది. ఇట్లు ఐదారు మాసములు మోసి, ఒక్కొక్కటి 12 మొదలు 15 సెంటీమీటర్ల పొడవుగల పిల్లలను ఈనును. ఒక కాన్పునకు ఒకటి మొదలు ఇరువదివరకు పిల్లలు. తల్లియో, 35 సెంటీమీటర్లు పెరుగునప్పటికే ఈడేరును. ఎంత పెరిగినను 75 సెంటీమీటర్లు దాటదు. చేపలలో మావితో బిడ్డను పెంచు విద్య పరాకాష్ఠ నందినది ఈ సొరయందేయని 1993లో వూర్మ్సు అను అమెరికా శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

దీనిని మొదట కనుగొన్నవారు ఆధునికులు కారు. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలోనే యవన తత్త్వవేత్త అరిస్టాటిలు తన దేశపు సముద్రములోని యొక సొర పిల్లలు తాడుతో తల్లి గర్భమునకు అంటుకొని యుండునని వ్రాసెను. జాలరులతో మాటలాడి, వారు తెచ్చిన చేపలను కోసి చూచినవాడు గనుక వ్రాయగలిగెను. తరువాతి పండితులు దానిని నమ్మలేదు. చేపకు మావియా యనిరి. 1840 ప్రాంతమున యోహానెస్ ముల్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మరల కోసి చూచువరకు, రెండువేల యేండ్లకు పైగా, అరిస్టాటిలు ఈ విషయమున కట్టుకథ చెప్పినవానిగనే చలామణి యయ్యెను. ఈ ముచ్చట విన్నప్పుడు నా తప్పునకు ఎంత పెద్దలు తోడున్నారో తెలిసినది. అయినను నా మనసునకు ఊరట కలుగలేదు. వారు ఏ పిల్లవానిని బెంచీ యెక్కింపలేదు గదా.

ఈ సొరకథలో తెలుగువారికి మరియొక పాలు కూడ కలదు. 1780 ప్రాంతములలో విశాఖపట్టణమున పేట్రిక్ రసెల్ అను ఇంగ్లీషు కంపెనీ వైద్యుడుండెను. పాములనుగూర్చి పరిశోధించినవాడు, రక్తపింజరకు శాస్త్రములో ఈయన పేరే నిలిచినది. ఈయన విశాఖ ఒడ్డున జాలరులు తెచ్చిన చేపలను బొమ్మలు వ్రాయించి, రెండువందల చేపల వర్ణనమును 1803లో లండనులో అచ్చువేయించెను. చేప పేరు తెలియనిచోట, తెలుగు జాలరులు ఏమన్నారో దానినే చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. అందులో పాలసొర యున్నది. సొర్రకోవా యున్నది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ సొర్రకోవాను లాటిను పేరులో చేర్చిరి. స్కోలియోడాన్ సొర్రకోవా యను పేరు మన దేశపు కళాశాలల పుస్తకములలో ఎన్నియో దశాబ్దములు నడచినది. నేడు శాస్త్రజ్ఞులు ఈ సొరను స్కోలియోడాన్ లాటికాడస్ అనుచున్నారు. 1928లో లక్నో కళాశాలలోని తిల్లైయంపలం అను అధ్యాపకురాలు దీని యంగాంగములను వర్ణించి ఒక గ్రంథమును వ్రాసిరి. అది మొదలు జంతుశాస్త్ర విద్యార్థి యనువాడు ఈ చేపను కోయక పట్టము పుచ్చుకొనలేదు. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు తరగతులలో జంతువులను కోయుట మానిపించు వరకు ఆ సంప్రదాయము సాగినది. ఇన్ని వేలమంది నోట పలికిన లాటిను పేరులో సగము మన జాలరులది. వారు పెట్టిన పేరును గ్రహించిన పండితలోకము వారికి తెలిసిన సంగతిని గూడ అడిగియుండిన బాగుండెడిది.

మా తీరమున బాలింతలకు పాలు పడుటకై సొరపిట్టు పెట్టు వాడుక కలదు. నేను తినువాడను కాను గనుక దాని రుచినిగూర్చి చెప్పజాలను. మావితో బిడ్డను పెంచు చేపనే ఏరి బాలింతకు పెట్టినవారికి దానిని కోసినపుడు లోపల నేమి కనబడినదో తెలియకపోవునా యని మాత్రము తోచుచున్నది.

నేను ఆ గదిలో కూర్చుండి మనుమరాలితో ఇట్లంటిని: "అయితే మన శాస్త్రము తలక్రిందులైనదమ్మా. నాలుగుకాళ్ళ జంతువు అండజము, చేప జరాయుజము. మావి యున్నది గనుక ఈ సొరయే మనకు దగ్గర చుట్టము గాబోలు." ఆమె నవ్వి, "అదే పొరపాటు తాతగారూ. మీరు ఇందాకటి తప్పు దిద్దుకోబోయి ఇంకొకటి చేస్తున్నారు" అన్నది. ఆమె చెప్పినదానిని నాకు తెలిసిన మాటలలో చెప్పుదును.

సొరకు ఎముకలు లేవు. మన చెవిదొప్పలో నున్నట్టి మెత్తని మృదులాస్థితోనే దాని యస్థిపంజరమంతయు నేర్పడినది. ఎముకలుగల చేపల వంశమును, సొరల వంశమును 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే చీలిపోయినవి. ఎముకలుగల వంశములోని యొక శాఖ తరువాత రెక్కలను కాళ్ళుగా మార్చుకొని నేల కెక్కినది. కప్పలు, సాలమండరులు, పాములు, పక్షులు, పశువులు, మనము అందరము ఆ శాఖవారమే. సాలమండరు ముందుకాలిలోని ఎముకలును మన చేతిలోని ఎముకలును ఒకే వరుసలో నుండును: పైన ఒకటి, క్రింద రెండు, పిమ్మట మణికట్టు, వ్రేళ్ళు. కాబట్టి గ్రుడ్డు పెట్టు సాలమండరే మనకు దాయాది. మావిగల సొర దూరపు చుట్టము.

మరి మావి ఎట్లు వచ్చినది? వేరుగా వచ్చినది. సొర మావి దాని సొనసంచినుండి యేర్పడినది. ఆవుకును మనుష్యునకును మావి ముఖ్యముగా వేరు పొరలనుండి యేర్పడును. పని యొకటే, పుట్టుక వేరు. ఇది నాకు వెంటనే బోధపడినది. తెలుగులో పాలు అను మాట యున్నది. ఆవు పాలు ఒకటి, పంపకములో వచ్చిన పాలు ఒకటి. పలుకుబడి యొకటే యని రెంటికిని చుట్టరికము కలుపువాడు నిఘంటువు చూడనివాడు. జంతువుల విషయమున నేను నిఘంటువు చూడనివాడనే.

మరియొక సంగతి. చేపలన్నియు ఇట్లు, సాలమండరులన్నియు అట్లు అనుటకు గూడ వీలులేదు. సొరలలోనే మూడు తెగలున్నవి. మన తీరములలో దొరకు వెదురుసొర యనబడు జాతి తోలుసంచివంటి పెంకులో గ్రుడ్లు పెట్టును. మిక్కిలి పెద్దదైన తిమింగల సొర గ్రుడ్లను కడుపులోనే పొదిగి పిల్లలను వదలును, మావి యుండదు. మన చిన్న సొర సంగతి విన్నారు. ఇక సాలమండరులలో చూడుడు. ఐరోపా ఖండమున పసుపు మచ్చలుగల నల్లని సాలమండ రొకటి కలదు. దుంగలలో దాగి, దుంగను పొయ్యిలో పెట్టినప్పుడు బయటికి పరుగెత్తుటచేత కాబోలు, అది నిప్పులో బ్రదుకునని పూర్వులు కథ లల్లిరి. అది గ్రుడ్లు పెట్టదు. మొప్పలుగల పిల్లలను నీటిలో ఈనును. దానికి బంధువైన మరియొకటి ఆల్ప్సు పర్వతములమీద నున్నది. అచట నీటిగుంటలు తక్కువ, చలి యెక్కువ. అది బిడ్డలను రెండు మూడేండ్లు కడుపులో మోయును. ఏనుగు మోయునది ఇరువదిరెండు నెలలే గదా! ఆ చిన్నప్రాణి యంతకాలము మోసి, తుదకు ఈనునవి రెండే పిల్లలు. నీటితో పనిలేక పుట్టుటతోనే నేలమీద నడచునవి. దానికిని మావి లేదు. తల్లి కడుపులోని తక్కిన గ్రుడ్లు కరిగి ఆ పిల్లలకు ఆహారమగును. ఒకే కులమున అండజములును, ఈనునవియు, నడుమ నున్నవియు ఉన్నవన్న మాట. పెద్దలు చేసిన నాలుగు తెగలు అబద్ధములని నేననను. అవి పుట్టుక తీరులు. వానిని నేను కులములుగా బోధించితిని.

ఈ రెండు తీరులలో ఏది మేలని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. మేలుకీడులు కాలమునుబట్టి యుండునని మనుమరాలి సమాధానము. గ్రుడ్లు పెట్టు సాలమండరు ప్రాణమంతయు ఆ వానగుంటలో నున్నది. గుంటను పూడ్చి ఇల్లు కట్టినను, రోడ్డు వేసినను, మురికినీరు వదలినను ఆ యేటి సంతానమంతయు ఒక్కసారిగా పోవును. డార్జిలింగునకు సమీపమున, ఏడువేల అడుగుల ఎత్తున, జోర్ పోఖ్రీ యను జంటచెరువులున్నవి. ఈ సాలమండరు కొరకే 1985లో ఆ చెరువులను అభయారణ్యముగా ప్రకటించిరి. పులికి, ఏనుగునకు అడవులు కేటాయించుట విన్నాము గాని, ఇంత చిన్నదాని కొరకు చెరువును కాపాడుట నాకు క్రొత్త. తూర్పు హిమాలయములలోని ఈ జంతువు 1871లో యున్నాను దేశమునుండి వర్ణింపబడిన జాతియే యని చాలకాలము తలచిరి. 2015లో దీనిని వేరు జాతిగా గుర్తించి హిమాలయమను పేరు చేర్చిరి. అట్లు గుర్తించిన నేపాళ, చీనా, భారత శాస్త్రజ్ఞులలో ఒకరు మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు. ఆ కేంద్రము మా తార్నాకనుండి ఉప్పలు పోవు త్రోవలోనే యున్నది. నేను ప్రతిదినము దాని ముందునుండి కూరలకు పోవుచునే యుంటిని.

సొరకు గుంట పూడుట యను భయము లేదు. దాని పిల్లలు తల్లి కడుపులో క్షేమముగా నుందురు. కాని తల్లి వలలో పడినదా, పది పండ్రెండు పిల్లలును దానితోనే పోవును. లోతు తక్కువైన తీరపు నీటిలోనే తిరుగునది గనుక మరపడవల వలలకు సులభముగా చిక్కును. వేలాది గ్రుడ్లు చల్లు చేపజాతి ఒక యేడు నష్టపోయినను మరుసటి యేడు తేరుకొనును. పదిమందిని కడుపున మోసి పెంచునది అట్లు తేరుకొనలేదు. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ఈ సొరను ప్రమాదమునకు చేరువ నున్న జాతులలో చేర్చిరి.

ఆ దినమున ఇంటికి వచ్చి నేను పాత విద్యార్థులు నలుగురైదుగురికి ఫోనుచేసి ఆ పిల్లవాని జాడ కనుగొంటిని. ఇప్పుడు పిల్లవాడా! ఏబదియేండ్లు దాటినవి, మనుమలను ఎత్తుకొనియున్నాడు. విశాఖ ఓడరేవున మరపడవమీద పనిచేసి, మోకాలు దెబ్బతిని, ఇప్పుడు ఒడ్డున వలలు బాగుచేయుచున్నాడు. నా పేరు చెప్పగానే, "మాస్టారా! బాగున్నారా అండి?" అని కేక వేసెను. నేను సొరపిల్లల సంగతియు, నూరుమారులు వ్రాయించిన సంగతియు చెప్పి, "నీవు చెప్పినదే నిజము నాయనా, తప్పు నాది" అంటిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. మరచిపోయెనేమో యనుకొంటిని. "గుర్తుందండి. మా అయ్యకి చెప్తే, మాస్టారు సముద్రం మీదికి రారు కదరా, ఆయనకేం తెలుస్తాది, రాసిచ్చెయ్ అన్నాడండి" అనెను.

తరువాత తానే చెప్పసాగెను. కడుపుతో నున్న సొర పడినప్పుడు వాళ్ళ అయ్య పిల్లలలో ప్రాణమున్నవానిని తాడు తెంపి నీటిలో వదలెడివాడట. అవి బ్రదికెనో లేదో తెలియదు. వదలుట మాత్రము వాడుకయట. ఇప్పుడు మరపడవలలో వల పైకి వచ్చునప్పటికే అన్నియు చచ్చియుండునని చెప్పెను. నేను సీసాలోని రెండవ జంతువును గూర్చి చెప్పితిని. నాలుగుకాళ్ళుండి గ్రుడ్లు పెట్టునా యని ఆశ్చర్యపడి, "మన వలలో పడదా అండి అది?" అని అడిగెను. అది కొండలమీది గుంటలలో నుండును గాని సముద్రమున నుండదంటిని.

ఫోను పెట్టబోవుచు, రసెల్ దొర వ్రాసికొన్న సొర్రకోవా యను మాట చెప్పి, సొర సరే, ఈ కోవా యేమిటి యని అడిగితిని. నాకున్న నిఘంటువులలో దానికి సరిపడు అర్థము దొరకలేదు. అతడు ఆ మాటను రెండు మూడు విధములుగా పలికి చూచుకొనెను. "విన్నట్టే ఉందండి. మా పెద్దనాన్న ఉన్నాడు, తొంభై దాటాయి, చెవులు వినబడవు గానీ చేప పేర్లన్నీ చెప్తాడు. ఆదివారం వెళ్ళి గట్టిగా అడిగి మీకు ఫోను చేస్తానండి" అనెను. నేడు శుక్రవారము.